ఇరవైయొకటో వేలు

తెలుగు ఇంట్లో ఐదేళ్ల పిల్ల ఉంటే, వచ్చిన చుట్టానికి కాఫీతోపాటు కచేరీ కూడా పెట్టాలి. ముందు పేరడుగుతారు, తర్వాత బడి. ఆ తర్వాత, "ఏదీ, వన్ టూ త్రీలు చెప్పుమా!" మా చిన్నది చేతులు కట్టుకుని ఎక్కడా ఆగకుండా వందదాకా లాగించేది. "అబ్బో, ఇంజనీరే!" అనేవాడు చుట్టం. మేము వినయంగా తలలు వంచేవాళ్లం. ఆ వినయంలో గర్వం పాలెంతో తేల్చే గణితం ఇంకా పుట్టలేదు.

ఒకరోజు వంటింట్లోంచి మా అమ్మ, "నాలుగు ఎండుమిరపకాయలు తేమ్మా" అంది. పిల్ల గుప్పెడు తెచ్చింది.

"ఇవి నాలుగా?"

"ఫోర్ అవ్వా!"

"యాదీ, లెక్కపెట్టు."

వేలు కాయల మీద పరుగెత్తింది, నోరు అంకెల వెంట పరుగెత్తింది. నోరు ఎనిమిది దగ్గరుండగానే వేలు చివరి కాయ దాటేసింది. "ఇది పాటమ్మా, లెక్క కాదు" అని తీర్పు చెప్పి మా అమ్మ తిరగమోత పెట్టేసింది.

చదువుల నిపుణులు చెప్పేదీ ఇదే. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె పడాలి, ఆఖరున పలికిన అంకే మొత్తమని తెలియాలి. ఆ రెండూ కుదిరేదాకా వంద దాకా చెప్పినా అది పాటే. అయితే పాట తప్పు మాత్రం మా చిన్నదానిది కాదు. తెలుగు కావ్యాలు పుడుతున్న తొలి రోజుల్లోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి దించాడు. లెక్కను రాగంలో పెట్టడం మనకు వంశపారంపర్యం.

అప్పటినుంచి బోధన బాధ్యత మా ఇంట్లో అందరం తలా కాస్త నెత్తికెత్తుకున్నాం. నేను పుస్తకం తిరగేసి పియాజే దగ్గరికి పోయాను. ఈ స్విట్జర్లాండ్ పెద్దమనిషి పిల్లల ముందు రెండు వరుసలు సమానంగా పేర్చి, ఒక వరుసను సాగదీసి, ఏది ఎక్కువని అడిగేవాడు. నేనూ ఆరేసి చెనక్కాయలు రెండు వరుసలు పెట్టి, ఒకదాన్ని దూరదూరంగా జరిపాను. "ఇవే చానా ఉండాయి" అని పొడుగు వరుసను చూపించింది మా చిన్నది. ఇంచుమించు ఏడేళ్లు వచ్చేసరికి ఈ భ్రమ పోతుందని ఆయన తేల్చాడు. సంతలో టమోటాలు పలచగా పరిచిన కుప్ప చుట్టూనే జనం ఎందుకు మూగుతారో మాత్రం ఆయన రాయలేదు.

మా అమ్మకు పియాజే అవసరం రాలేదు. ఆమెకు వినాయకుడు చాలు. ఆయన వెలసిన మా ఊరు కాణిపాకంలో 21కి ఉన్న పలుకుబడి మరే అంకెకూ లేదు. చవితి పూజకు పత్రి 21 రకాలు. ఆ రోజు మొదలయ్యే స్వామి బ్రహ్మోత్సవాలు 21 రోజులు. ఐదేళ్ల పిల్లకు ఇంత ఇబ్బందికరమైన అంకె ఇంకొకటి లేదు. చేతివేళ్లు పది, కాలివేళ్లు పది, అన్నీ వాడేసినా ఇంకొకటి కావాలి. మా చిన్నది కాసేపు తన కాళ్ల వంక అనుమానంగా చూసుకుని, చివరికి మా నాన్న బొటనవేలు అరువు తెచ్చుకుంది.

మా అమ్మ అప్పుడు గరిక ముందేసుకుంది. పది పోచలు ఒక కట్ట, ఇంకో పది ఇంకో కట్ట, పక్కన ఒంటరిగా ఒక పోచ. "రెండు కట్టలూ ఒకటీ. అదే ఇరవై ఒకటి." పదుల స్థానం, ఒకట్ల స్థానం గరికలోనే తేలిపోయాయి. అంతకుముందు తెలుగులో లెక్కపెట్టమంటే ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై పది" అనేది పిల్ల. న్యాయంగా చూస్తే అందులో తప్పేముంది? పది పోగైతే కట్ట కట్టాలనే ఆచారం ఒక్కటే దానికి తెలియలేదు.

కొలతలు మాత్రం గుడిలోనే మొదలయ్యాయి. బావిలో వెలసిన మా స్వామి పెరుగుతూనే ఉన్నాడని, ఎప్పుడో భక్తులు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టదని చెబుతారు. వినగానే మా చిన్నది, "ఎంత పెరిగినాడు?" అంది. పెద్దవాళ్లం దండం పెట్టుకున్నాం గానీ తీసివేత మాకు తట్టలేదు. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడి, తల దగ్గర సుద్దగీత గీయించుకుంది. దాని జానతో ఎనిమిది వచ్చింది, మా నాన్న జానతో ఐదే. "తాత కొలిస్తే నేను చిన్నగైపోతాండా" అని ఆరోజు నుంచి తన కొలత తనే తీసుకుంటోంది. అందరికీ ఒకే స్కేలు ఎందుకుండాలో దీనికంటే బాగా ఎవరు చెప్పగలరు?

మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లకూ చదవడం, లెక్క కట్టడం రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టింది. మంచిదే. ఇంట్లో మనం చేయాల్సింది అంతకంటే సులువు. అన్నానికి ఎంతమంది కూర్చుంటారో చూసి కంచాలు పెట్టమనండి. మామిడిముక్కలు అందరికీ సమానంగా పంచమనండి. తక్కువొస్తే గొడవ జరిగే చోట పెట్టండి పిల్లల్ని, లెక్క దానంతటదే వస్తుంది.

గొడవంటే గుర్తొచ్చింది. మా నాన్న రోజూ పొద్దున్నే వినాయకుడి పటం ముందు 21 గుంజీలు తీస్తారు. లెక్కపెట్టే ఉద్యోగం మనవరాలిది. అది "పద్నాలుగు, పదహారు" అని పదిహేనును ఎగరగొట్టేది. రోజుకొక గుంజీ మిగులు. మా అమ్మ గరిటెతో వచ్చి, "పదిహేను ఏమాయె?" అని నిలదీస్తే, "పసిబిడ్డను నిరుత్సాహపరచకూడదే, చదువు మీద విరక్తి పుడుతుంది" అనేవారు మోకాళ్లు పట్టుకుని. పిల్లల మనస్తత్వం మీద ఆయన అంత శ్రద్ధగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

గరిక కట్టల పుణ్యమా అని ఒకనాటికి పదిహేను దొరికింది. పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని తాతను నిలబెట్టింది.

"ఇన్ని దినాలూ పదిహేను యాడికి పోయింది తాతా? నీకు తెలుసునా తెలీదా?"

"నాకేం తెలుసుమా..."

"గుడికాడ ప్రమాణం చేస్తావా?"

ఆ మాటకు మా ఊళ్లో జవాబుండదు. బాకీ ఎగ్గొట్టినవాళ్లు ఇక్కడి స్వామి ముందు నోరు విప్పలేరని పేరు. ఎక్కడెక్కడి రాజకీయ నాయకులో కాణిపాకంలో ప్రమాణానికి రమ్మని ఒకరినొకరు సవాలు చేసుకుంటారు. మోకాళ్ల నొప్పి మనిషి ఏ లెక్క? మా నాన్న బాకీ ఒప్పుకున్నారు. రోజుకొకటి చొప్పున ఎన్ని రోజులైతే అన్ని గుంజీలు తీర్చాలని తీర్మానమైంది. ఎన్ని రోజులో, మొత్తం ఎంతో కట్టడం మాత్రం పిల్లకు ఇంకా రాదు.

ఆ రాత్రి నేను పిల్లకు రెండో ఎక్కం పుస్తకం తీస్తుంటే, మా నాన్న మెల్లగా పక్కకు పిలిచారు.

"ఒరే, తొందరేముందిరా? పసిబిడ్డ. ఎక్కాలు వచ్చే ఏడు చూసుకుందాం."