గ్యాప్ సర్టిఫికెట్ లేని వాగ్గేయకారుడు

ఇంటర్ అయ్యాక ఒక్క ఏడాది ఇంట్లో కూర్చున్న కుర్రాడు డిగ్రీలో చేరబోతే మన దగ్గర గ్యాప్ సర్టిఫికెట్ అడుగుతారు. స్టాంపు పేపరు కొని, నోటరీ దగ్గరికి వెళ్లి, ఆ ఏడాదంతా తాను ఎక్కడా చదవలేదని ప్రమాణం చేసి రాసివ్వాలి. పన్నెండేళ్లో, ఇరవై ఎనిమిదేళ్లో మాయమైపోయి, ఒకరోజు గిటారుతో నింపాదిగా తిరిగొచ్చే వాగ్గేయకారుణ్ణి మాత్రం ఆ కాగితం అడిగే నాథుడు లేడు. “ఇన్నాళ్లూ ఏం చేశారు?” అని అందరూ అడుగుతారు. దానికి ఆయన సూటిగా జవాబు చెప్పిన పాపాన పోడు.

తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, తానే పాడుకునే ఈ జాతి పాశ్చాత్య దేశాల్లో బాగా పండుతుంది. మన సినిమా పాటకు ఆ బెంగ లేదు. ఒకరు రాస్తారు, ఒకరు కడతారు, ఇంకొకరు పాడతారు. ఎవరు సెలవు పెట్టినా బండి నడుస్తుంది. వాగ్గేయకారుడు మాయమైతే మూడు ఉద్యోగాలూ ఒకేసారి ఖాళీ.

పైగా వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లడు. ‘ఇదే నా చివరి కచేరీ’ అని పోస్టర్లు కొట్టించేవాళ్లది వేరే శాఖ. వాళ్లు పోస్టర్ల జిగురు ఆరకముందే వచ్చేస్తారు. అసలైనవాడు పాలప్యాకెట్ కోసం వెళ్లినట్టు వెళ్తాడు. ఇంగ్లండు గాయని కేట్ బుష్ 1993లో ‘ద రెడ్ షూస్’ ఆల్బమ్ ఇచ్చి అలాగే లోపలికి వెళ్లి తలుపేసుకుంది. 1998లో కొడుకు పుట్టాడు. ఆ కబురు లోకానికి 2000లో గానీ తెలియలేదు. అదీ సాటి గాయకుడు పీటర్ గాబ్రియేల్ నోరు జారితే! ఈలోగా ఒక రచయిత ‘వెయిటింగ్ ఫర్ కేట్ బుష్’ అని ఏకంగా నవలే రాసి 2004లో అచ్చు వేయించాడు. ఆల్బమ్ కంటే ఎదురుచూపే ముందు మార్కెట్లోకి వచ్చింది.

ఎదురుచూసే అభిమాని ఊహలు ఎప్పుడూ కోటల్లోనే తిరుగుతాయి. తన గాయని ఏ అర్ధరాత్రో కొవ్వొత్తి వెలుగులో పియానో ముందు కూర్చుని, కాగితాలు చించేసుకుంటూ ఉంటుందని ఆయన నమ్మకం. చివరికి 2005 నవంబరులో ‘ఏరియల్’ వచ్చింది, రెండు డిస్కులు. ఆత్రంగా పెట్టి వింటే ఏముంది? వాషింగ్ మెషీన్. నేల మీది బురద తుడిచి, మెషీన్లో తిరిగే చొక్కాలూ ప్యాంట్లూ చూస్తూ ఎటో వెళ్లిపోయే ఒకావిడ పాట. దాంతోపాటు కొడుకు మీద మరో పాట. అది చాలదన్నట్టు, గణితంలోని ‘పై’ విలువను అంకె తర్వాత అంకెగా పాడే ఇంకో పాట. బట్టలుతికాను, పిల్లాణ్ణి పెంచాను, లెక్కలు చెప్పించాను అన్నట్టుంది వ్యవహారం. ఇంత నిఖార్సయిన గ్యాప్ సర్టిఫికెట్ ఏ నోటరీ ఇవ్వగలడు? ఆ వాషింగ్ మెషీన్ పాట నిజంగా బాగుంటుంది, అది వేరే సంగతి.

ఈ జాతిలో ఇంటిచాకిరీ పాలు అభిమానులు అనుకునేదానికంటే చాలా ఎక్కువ. వాష్టీ బన్యన్ అనే గాయని 1968లో గుర్రపు బండి కట్టుకుని లండన్ నుంచి స్కాట్లండ్ దీవుల దారి పట్టింది. 1970లో వచ్చిన ఆల్బమ్ అమ్ముడుపోకపోతే పాట కట్టిపెట్టి పిల్లల్ని పెంచుకుంది. ముప్పై అయిదేళ్ల తర్వాత, 2005లో తెచ్చిన రెండో ఆల్బమ్‌కు ‘లుకాఫ్టరింగ్’ అని పేరు పెట్టింది. ఆ మాట ఇంగ్లిషు నిఘంటువులో ఉండదు. ఒకరి మంచీచెడ్డా చూసుకోవడమనే పనికి ఆవిడే తయారుచేసుకున్న పేరు.

కాలిఫోర్నియాలో లిండా పర్హాక్స్‌ది ఇంకో తరహా. 1970లో ఒక ఆల్బమ్, 2014లో రెండోది. మధ్య 44 ఏళ్లు. ఆవిడ వృత్తి డెంటల్ క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేయడం. గాయని నోరు మూసుకుని, ఎదుటివాళ్లు నోరు తెరుచుకుని కూర్చున్న కచేరీ బహుశా లోకంలో అదొక్కటే.

యూసుఫ్ అని పేరు మార్చుకున్న క్యాట్ స్టీవెన్స్ 1978 తర్వాత పాప్ పాట మానేశాడు, గిటార్లు దానం కోసం వేలం వేసేశాడు. ఏళ్లు గడిచాక కొడుకు ఇంట్లోకి ఒక గిటారు తెచ్చి పడేస్తే చెయ్యి ఊరుకోలేదు. 2006లో వచ్చిన ఆల్బమ్ పేరు ‘యాన్ అదర్ కప్’. 1970 నాటి ఆయన ప్రసిద్ధ ఆల్బమ్ పేరులో టీ ఉంది లెండి. ఇరవై ఎనిమిదేళ్లకు గుమ్మంలోకి వచ్చి, మధ్యలో ఏమీ జరగనట్టు, ఇంకో కప్పు టీ పోయమనే చుట్టం!

ఇక ఈ వంశానికి పెద్దాయన లెనార్డ్ కోహెన్. 1994లో లాస్ ఏంజెలెస్ దగ్గర మౌంట్ బాల్డీ కొండ ఎక్కి జెన్ ఆశ్రమంలో చేరాడు. 1996లో సన్యాసం. గురువు పెట్టిన పేరు ‘జికాన్’, అంటే మౌనమని చెబుతారు. పాటలు కట్టి పొట్టపోసుకునేవాడికి మౌనమని పేరు పెట్టిన ఆ గురువుకు చమత్కారం బాగానే తెలుసు. శిష్యుడి పనుల్లో ముఖ్యమైనది గురువుగారికి వంట. 1999లో కొండ దిగి ముంబై వచ్చి, రిటైరైన బ్యాంకు ఉన్నతాధికారి రమేశ్ బల్సేకర్ అద్వైత ప్రసంగాలు వింటూ కూర్చున్నాడు. దశాబ్దాల దిగులు ఆ రోజుల్లోనే తేలిపోయిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. బ్యాంకు ఆఫీసరు ముందు కూర్చుంటే దిగులు తగ్గడమేమిటని ఇంటి లోను కోసం తిరిగినవాళ్లు అడగొచ్చు. 2001లో కొత్త ఆల్బమ్ తెచ్చాడు. సన్యాసం, కొండ, మౌనం, ముంబై అన్నీ అయ్యాక ఏం పేరు పెట్టాడయ్యా అంటే, ‘టెన్ న్యూ సాంగ్స్’. పది కొత్త పాటలు. కిరాణా చీటీ.

అంతటితో కథ అయిపోవాల్సింది. కానీ దాచుకున్న సొమ్మంతా ఖాళీ అయిపోయిందని 2004లో బయటపడింది. దాని మీద కోర్టుకెళ్లి గెలిచాడు, చేతికి మాత్రం డబ్బు రాలేదు. దాంతో 2008లో, డెబ్భై మూడేళ్ల వయసులో, సూటూ టోపీ వేసుకుని మళ్లీ స్టేజీ ఎక్కాడు. మౌనమని పేరున్న మనిషి మూడేసి గంటలు పాడాడు. మధ్యమధ్య మోకాళ్ల మీద కూలబడి మరీ పాడేవాడు. ఆ కచేరీల రికార్డింగులు వింటే, కొండ మీద కంటే ఆ మోకాళ్ల మీదే ఆయనకు ఎక్కువ తపస్సు జరిగిందనిపిస్తుంది.

అభిమాని సంగతి మరిచిపోకూడదు. కొత్త ఆల్బమ్ మొదటి పాటకు కళ్లు తుడుచుకుని “గొంతు అలాగే ఉందండీ” అంటాడు. నాలుగో పాటకు “ఆ పాత తడి లేదు సుమండీ” అని సణుగుతాడు. ఆఖరి పాట పూర్తి కాకుండానే “మళ్లీ ఎప్పుడట?” అంటాడు.

కేట్ బుష్ అభిమానులైతే లెక్కలు కూడా సరిచూశారు. ఆ ‘పై’ పాటలో ఆవిడ దశాంశ బిందువు తర్వాత 78వ అంకె దాకా బుద్ధిగా వచ్చి, ఒక్కసారిగా 101వ అంకెకు దూకింది. మధ్యలో 22 అంకెలు గల్లంతు. ఆఖరికి ‘పై’లో కూడా గ్యాపే. తర్వాత 2011లో మంచు మీద ఒక ఆల్బమ్ ఇచ్చింది. 2014లో, 1979 నాటి ఏకైక టూరు తర్వాత ముప్పై అయిదేళ్లకు, లండన్ హామర్‌స్మిత్‌లో వరసగా కచేరీలు పాడింది. ఎన్ని రాత్రులో తెలుసా? సరిగ్గా 22. బాకీ తీర్చేసిందనుకుని శ్రోతలు ఊపిరి పీల్చుకునేలోగా ఆవిడ మళ్లీ లోపలికి వెళ్లింది. ఉతకాల్సిన బట్టలు ఎన్నున్నాయో ఏమో.