నా మీద రాసే నిమిషాలు

నార్త్ కరోలినాలోని ఒక కాలేజీ జిమ్‌లో, బాస్కెట్‌బాల్ కోర్టును రెండుగా చీల్చే గీతకు ఎదురుగా, సైడ్‌లైన్‌ని ఆనుకుని ఉండే స్కోరర్ల బల్లని నేను. అటు మా వాళ్ల బెంచీ, ఇటు ఎదుటి జట్టు బెంచీ. స్కోరు పుస్తకం, గడియారం మీటలు, హారన్, లాప్‌టాప్‌లు అన్నీ నా మీదే. ఎంత పేరున్న ఆటగాడైనా బెంచీ మీంచి లేచి ఆటలోకి దిగాలంటే ముందు నా దగ్గరికి వచ్చి నంబరు చెప్పాలి. బంతి ఆగేదాకా నా ముందు మోకాలు ఆన్చి ఎదురుచూడాలి. ఫౌల్ పడితే రిఫరీ నా వైపే తిరిగి వేళ్లతో నంబరు చూపిస్తాడు. చేతికి వేళ్లు అయిదే కాబట్టి చాలా ఏళ్లపాటు కాలేజీ జెర్సీల మీద 5 దాటిన అంకె ఉండేది కాదు. 2023-24 సీజన్ నుంచి ఆ నిబంధన తీసేశారు.

నా ముందు మోకాలు ఆన్చే కుర్రాళ్లలో 25వ నంబరువాడి గురించి చెప్పాలి.

ఎదుటివాడు షాట్ వేయగానే అందరి కళ్లూ బంతి మీదే ఉంటాయి. వాడు మాత్రం బంతిని చూడడు. తనకంటే భారీగా ఉన్న ప్రత్యర్థికి వీపు ఆన్చి, నడుము కిందికి దించి, వాణ్ని బుట్ట దగ్గరికి రానివ్వకుండా అడుగడుగునా వెనక్కి నెడతాడు. బంతి రింగుకి తగిలి, తీరిగ్గా నిలబడ్డ మా 11వ నంబరువాడి చేతుల్లో పడుతుంది. నా వెనక కూర్చున్నతను ‘రీబౌండ్, 11’ అంటాడు, పక్కనున్నతను లాప్‌టాప్‌లో కొడతాడు. 25వాడి వరసలో ఒక్క అంకె కదలదు.

ఆట అయ్యాక ఈ అంకెలన్నీ ఉన్న షీటులో వాడి వరస చూసినవాళ్లు ‘రెండు పాయింట్లకి పద్దెనిమిది నిమిషాలా?’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అదే షీటులో 3వ నంబరువాడికి 18 పాయింట్లు కనిపిస్తాయి. వాటి కోసం వాడు 19 షాట్లు వేశాడనీ, 12 పోయాయనీ పక్క గడిలోనే ఉన్నా ఎవరూ అటు చూడరు. పోయిన ప్రతి షాటూ జట్టు వాడుకున్న అవకాశమే.

రాయని పనికి విలువ లేకుండా పోవడం కొత్తేమీ కాదు. బిల్ రసెల్ శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయాన్ని 1955, 1956లో వరసగా జాతీయ విజేతగా నిలబెట్టాడు. ఎదుటివాళ్ల షాట్లను అడ్డుకోవడంలో వాడికి సాటి లేదు. కానీ కాలేజీ ఆటలో ఇలా అడ్డుకున్న బ్లాకులను, బంతి లాక్కున్న స్టీళ్లను అధికారికంగా లెక్కపెట్టడం 1985-86లోగానీ మొదలవలేదు. ఈనాటికీ ఛార్జ్‌కి, అంటే బంతితో దూసుకొచ్చేవాడికి, ఎదురు నిలిచి కిందపడ్డవాడి పేరిట ఆ షీటులో గడి లేదు.

మా రాష్ట్రంలోనే 1961 నుంచి 1997 దాకా కోచింగ్ చేసిన డీన్ స్మిత్ ఈ సంగతి బాగా ఎరిగినవాడు. బుట్ట వేసినవాడు పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలని కుర్రాళ్లకి నేర్పాడు. అలసిపోయినవాడు పిడికిలి పైకెత్తితే బయటికి పిలిచేవాడు, ఊపిరి తీసుకున్నాక నేను సిద్ధం అంటే మళ్లీ పంపేవాడు. నిజాయతీగా చెయ్యి ఎత్తినందుకు నిమిషాలు పోవన్న భరోసా అది.

ఆ భరోసా లేని కుర్రాణ్ని నేను దూరం నుంచే గుర్తుపడతాను. దిగిన రెండో నిమిషంలో పాస్ తప్పుతుంది, వెంటనే బెంచీ వైపు చూస్తాడు. అప్పటికే ఇంకొకడు నా దగ్గరికి వచ్చి మోకాలు ఆన్చి ఉంటాడు. రెండు నిమిషాల ముక్కలతో ఎవణ్నీ తూచలేం. ఇప్పుడు ప్లస్-మైనస్ అని ఒక లెక్క వచ్చింది: ఒక ఆటగాడు కోర్టులో ఉండగా జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్లింది, ఎన్ని వెనకబడింది అని. మంచి లెక్కే. అయినా ఒక్క ఆటకి దాన్ని నమ్మకూడదు. మొహానికి చెయ్యి అడ్డం పెట్టినా ఎదుటివాడి మూడు పాయింట్ల షాట్లు మూడు వరసగా పడితే, తప్పేమీ చేయనివాడి పేరున మైనస్ తొమ్మిది పడుతుంది. పది, పదిహేను ఆటలు కలిపి, పక్కన ఎవరున్నారో, ఎదుట ఎవరున్నారో చూసి మాట్లాడాలి.

పోనీ అందరికీ నిమిషాలు పెంచుదామా అంటే కుదరదు. ఆట 40 నిమిషాలు, కోర్టులో అయిదుగురు, మొత్తం 200. ఒకడికి పెంచితే ఇంకొకడికి కోత పడాల్సిందే.

ఈ సీజన్ మధ్యలో మా అసిస్టెంట్ కోచ్ ఒకాయన వేరే కాగితం పెట్టాడు. ప్రత్యర్థిని వెనక్కి నెట్టినవి, చెయ్యి తగిలి దారి మళ్లిన బంతులు, తోటివాడికి దారి దొరికేలా ప్రత్యర్థికి అడ్డుగా నిలబడి పెట్టిన స్క్రీన్లు, ఎదురు నిలిచిన ఛార్జ్‌లు అందులో రాస్తాడు. అది చూశాక 25వాడికి ఆరు నిమిషాలు పెరిగాయి. అవి 3వ నంబరువాడి వాటా నుంచే వచ్చాయి. వాడు మొదట నొచ్చుకున్నాడు, అది సహజమే. కానీ అలుపు తగ్గాక తొందరపాటు షాట్లూ తగ్గాయి. మొన్నటి ఆటలో 10 షాట్లకి 14 పాయింట్లు చేశాడు. వాటిలో మూడు బుట్టలు 25వాడు పెట్టిన స్క్రీన్ వెనక నుంచి వేసినవే. అధికారిక షీటులో ఆ స్క్రీన్లు లేవు, ఆయన కాగితంలో ఉన్నాయి.