ఒక్క మనిషి సంచి

నేను నైట్రోజన్ క్యాన్‌ని. మా గోదాము శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర, జినోమ్ వ్యాలీలో ఉంది. నా గోడలు ద్రవ నైట్రోజన్‌ను పీల్చి పట్టుకుంటాయి. లోపల తొణికే ద్రవమేమీ ఉండదు, మైనస్ 150 డిగ్రీల కన్నా చల్లని ఆవిరి తప్ప. నిటారుగా నిలబెడితే రోజుల తరబడి ఆ చలిని కాపాడతాను. పక్కకు ఒరిగితే త్వరగా ఖాళీ అయిపోతాను.

2021లో ఈ వ్యాలీ నుంచే కొవాగ్జిన్ పెట్టెలు దేశమంతా వెళ్ళాయి. ఆ టీకా ఎవరి భుజానికైనా సరిపోతుంది. నేను మోసే సంచి మాత్రం ఒక్క మనిషిదే.

ఆ మనిషి మేడ్చల్ పక్క పల్లెలో పాడి రైతు. లింఫోమా అనే క్యాన్సర్ రెండు రకాల కీమోకు లొంగినట్టే లొంగి తిరగబెట్టింది. ఆయన రక్తంలోని టీ కణాలను వేరుచేసి ముంబై వైపు పంపారు. ఆ క్యాన్సర్ పుట్టిన బీ కణాల మీదుండే సీడీ19 గుర్తును పసిగట్టేలా వాటిని అక్కడ మార్చి, పెంచి, గడ్డకట్టించారు. శంషాబాద్ నుంచి ఆస్పత్రి దాకా తెచ్చింది నేనే.

నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది. "గోపాలమిత్ర బండి మీద తెచ్చే క్యాన్ లెక్కనే ఉన్నది గద!" అన్నాడు. నిజమే, బర్రెలకు కృత్రిమ గర్భధారణ సూది వేయడానికి ఊళ్ళు తిరిగేది నా చుట్టమే.

కూతురు మాత్రం డాక్టర్‌ను వదల్లేదు. "మా నాయనకు పనిజేస్తదా సార్?"

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన ఈ కణాల చికిత్స నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి వచ్చిందనీ, పరీక్షల్లో ఫలితం లెక్కకట్టగలిగిన రోగుల్లో 73 శాతం మందికి జబ్బు తగ్గిందనీ డాక్టర్ చెప్పాడు.

"ఆ నూటిల మా నాయన ఏ దిక్కున్నడు సార్?"

నేనెన్నో వార్డులు చూశాను. ఇంతకన్నా సూటి ప్రశ్న వినలేదు. డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. పెట్ స్కాన్‌లో గడ్డల మొత్తం పరిమాణం ఎంత, రక్తంలో ఎల్‌డీహెచ్ ఎంత పెరిగింది, ఫెరిటిన్, సీఆర్‌పీ, ప్లేట్‌లెట్లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూస్తామన్నాడు. గడ్డల బరువు ఎక్కువైతే కణాలకు యుద్ధం కష్టం. కణాలు తీయడానికి కొద్ది ముందు బెండమస్టిన్ లాంటి మందు పడితే అవి ముందే డస్సిపోయి ఉంటాయి.

తర్వాత చెప్పింది నన్ను కదిలించింది. అమెరికాలో 24 మందికి ఇలాంటి కణాలే ఎక్కించాక, సంచుల్లో మిగిలిన కొద్దిపాటి కణాలను ఒక్కొక్కటిగా చదివారట. జబ్బు పూర్తిగా మాయమైన వాళ్ళ సంచుల్లో, పాత శత్రువును గుర్తుంచుకునే తరహా సీడీ8 కణాలు మూడింతలు ఎక్కువట. 2020లో అచ్చయిన పని అది. అంటే జవాబులో సగం నా కడుపులోనే ప్రయాణిస్తోంది! అయినా నా మీదున్న మీటరు చలిని రాస్తుందే గానీ కణాల అలసటను రాయదు.

"ఇవన్నీ ఇలాంటి వంద మంది సంగతి చెప్తాయమ్మా. మీ నాయన సంగతి నెల తర్వాతి స్కాన్ చెప్పాలె" అన్నాడు డాక్టర్.

మూత తీశారు. తెల్లని ఆవిరి మంచం దాకా పాకింది. సంచి మీది పేరును ఇద్దరు నర్సులు పైకి చదివితే ఆయన "నేనే" అన్నాడు. 37 డిగ్రీల నీళ్ళలో కరిగించి, నిమిషాల్లో ఎక్కించారు. సంచి గోడలకు అంటిన చుక్కలను కూడా సెలైన్‌తో కడిగి ఆయనకే పంపారు. కూతురు ఫోన్‌లో 30 రోజులు లెక్కపెట్టి తేదీ పెట్టుకుంది. నన్ను నిటారుగా బండెక్కించారు.