దుబాసీ దినచర్యను

నాలో రాత మొదలైంది 1736 సెప్టెంబరులో. రాసినవారు పుదుచ్చేరి వర్తకులు ఆనందరంగ పిళ్ళైగారు. రాసింది తమిళంలో, అదీ బజారులో నలుగురూ మాట్లాడుకునే తమిళంలో. ఏ ఓడ ఎప్పుడొచ్చింది, బట్టల బేళ్ళు ఏ ధర పలికాయి, ఎవరు ఎవరి మీద చాడీలు చెప్పారు, అన్నీ నాలోకే చేరేవి.

1742లో డూప్లే పుదుచ్చేరికి ఫ్రెంచి గవర్నరయ్యాడు. నాలుగేళ్ళకు పెద్ద దుబాసీ, అంటే దొరలకూ ఊరివాళ్ళకూ మధ్య మాట్లాడే మనిషి, కనకరాయ మొదలి పోయారు. కొంతకాలం లాగిలాగి ఆ ఉద్యోగం మా పిళ్ళైగారికి దక్కింది. దొర తరఫున నవాబుల మనుషులతో మాట్లాడాలి. నేతబట్టల వర్తకుల తరఫున దొరతో మాట్లాడాలి. సరుకు ఆలస్యమైతే దొర విసుక్కునేది ఈయన మీద, ధర తెగ్గోస్తే వర్తకులు గొణిగేదీ ఈయన మీదే. దొరను పొగుడుతూ తానన్న మాటలు కూడా పొల్లుపోకుండా నాలో ఎక్కించేవారు. నిజం చెప్పొద్దూ, ఆ పేజీలు మోయడం నాకే మొహమాటంగా ఉండేది.

ఆయనకు అసలు పోటీ గవర్నరు భార్య మదాం డూప్లే. పుదుచ్చేరిలోనే పుట్టిన మనిషి, తమిళం వచ్చు. ఊరివాళ్ళతో నేరుగా మాట్లాడగల మనిషి గవర్నరు ఇంట్లోనే ఉంటే దుబాసీకి కంటి నిండా నిద్రెక్కడిది? పైకి అనలేనివన్నీ నా దగ్గర కక్కేవారు. ఆవిడ పక్షం మాత్రం నాలో లేదు. చదివేవారు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

1748 సెప్టెంబరులో ఇంగ్లీషువాళ్ళు ఊరిని ముట్టడించారు. ఆ గందరగోళంలోనే ఫ్రెంచివాళ్ళు వేదపురీశ్వరుడి గుడి పడగొట్టించారు. ఏసుసభ పాదరీలు ఎన్నాళ్ళుగానో కోరుతున్నదే అది. ఊరి పెద్దలు మొరపెట్టుకోవడానికి మా పిళ్ళైగారి దగ్గరికే వచ్చారు. గుడి నిలబడలేదు. బేరాల్లో, రాయబారాల్లో ఆయన మాటకు విలువిచ్చిన దొర ఈ ఒక్క విషయంలో ఊరి గోడు పట్టించుకోలేదు. దుబాసీ పరపతి దొర అవసరం ఉన్నంత వరకే. నాకు ఆ రోజే అర్థమైంది. ఆయనకు అంతకుముందే తెలిసి ఉంటుంది.

బయట ఆయన వైభవానికి లోటులేదు. మన కస్తూరి రంగకవి తెలుగులో ఒక ఛందోగ్రంథమే రాసి, ఆనందరంగరాట్ఛందమని ఈయన పేరే పెట్టాడు. డూప్లే 1754లో ఫ్రాన్సుకు వెళ్ళిపోయాక రోజులు మారాయి. 1756లో దుబాసీగిరీ పోయింది. అయినా నాలో రాయడం మానలేదు. 1761 జనవరిలో పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ వశమైంది, ఆ నెలలోనే ఆయన కన్నుమూశారు.

నేను ఇంట్లోనే పడి ఉన్నాను. 1846లో గల్వా మోంబ్రన్ అనే ఫ్రెంచి ఉద్యోగి కంటపడ్డాను. తరవాత మద్రాసు ప్రభుత్వం 1904 నుంచి 1928 దాకా నన్ను ఇంగ్లీషులో 12 సంపుటాలుగా అచ్చువేసింది. అన్నీ చదివే ఓపిక లేకపోతే 1748 నాటి సంపుటం ఒక్కటైనా తిరగెయ్యండి. ఏళ్ళ తరబడి ఇతరుల తరఫున మాట్లాడిన మనిషి సొంత గొంతు అందులో దొరుకుతుంది.