‘సైకిళ్లు తప్ప’: టీకా తాత్పర్య సహితం

అవతారిక. జర్మనీ సరిహద్దు పట్నం పస్సావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ నదిని అంటిపెట్టుకుని 300 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారి ఉంది. ఊళ్లోంచి గట్టు మీదికి ఎక్కే చోట తరచుగా ఒక ఇనుప స్తంభం కనబడుతుంది. దానికి గుండ్రటి రేకు, ఎర్రటి అంచు, లోపల ఖాళీ తెలుపు. దాని కింద చిన్న పలక మీద ఒక మాట. రేకూ పలకా కలిస్తే ఒక సంపూర్ణ గ్రంథం. కర్తృత్వం ప్రభుత్వానిది, ఛందస్సు లేదు, మంగళాచరణం అసలే లేదు. లక్షలమంది దీన్ని చదువుకుని ముందుకు సాగిపోయారే గాని, ఆగి టీక రాసినవారు లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం.

మూలం. వాహనాలకు ప్రవేశం లేదు. సైకిళ్లు తప్ప.

ప్రతిపదార్థం. వాహనాలకు = కారు, లారీ, మోటారు సైకిలు మొదలుగా గలవాటికి; ప్రవేశం = లోపలికి రావడం, ‘ఒక్క నిమిషమే’ అంటూ రావడం కూడా; లేదు = లేదు (ఆస్ట్రియాలో ఈ పదానికి టీక అక్కర్లేదు; అవసరం పడే దేశాలు వేరే ఉన్నాయి); సైకిళ్లు = తొక్కితేనే కదిలేవి; తప్ప = దీనికి అర్థం ఒక వాక్యంలో తేలేది కాదు, కింద చూడండి.

పూర్వపక్షం. నిషేధించినది ఏమిటో చూపకుండా తెల్లటి వలయాన్ని ఖాళీగా వదలడం కర్త దోషం కాదా? కాదు. కారు బొమ్మ వేస్తే ట్రాక్టరాయన నాకు కాదంటాడు. ట్రాక్టరు వేస్తే వ్యానువాడు దూరతాడు. ఏ బొమ్మా లేకపోతే అందరూ వచ్చినట్టే. ఇంతటి క్లుప్తత సూత్రకారులకే సాధ్యం.

ఇక ‘తప్ప’. ఈ దారి సైకిళ్ల కోసం వేసిందని కొందరు నవ్యుల అభిప్రాయం. అది చెల్లదు. ఇది గుర్రాల దారి. ఆవిరి యంత్రం రాకముందు సరుకు పడవలు దిగువకు ప్రవాహంతో పాటే వెళ్లేవి గాని, ఎగువకు రావాలంటే లాగాల్సిందే. పెద్ద పడవల వరసకు పదుల కొద్దీ గుర్రాలు కట్టి, చేతిమణికట్టంత మోకులతో గట్టు వెంబడి లాగించేవారు. బవేరియా మఠాలకు వాఖావ్ లోయలో ద్రాక్షతోటలు ఉండేవి. వాటి సారాయం పస్సావ్ వైపు ఎక్కింది ఈ గుర్రాల పుణ్యమే. అందుకే దారి ఎప్పుడూ నీళ్ల పక్కనే ఉంటుంది, గుట్టలెక్కదు, ఊరి నడిబొడ్డుకు పోదు. 1829లో వియన్నాలో ఆవిరి పడవల కంపెనీ పుట్టింది, తర్వాత గట్టున రైలు వచ్చింది, ఆపైన కారు వచ్చింది. గుర్రానికి పని పోయింది, దారి మాత్రం మిగిలింది. జలమార్గాన్ని చూసుకునే సిబ్బంది దాన్ని పాడవనీయలేదు, ఎందుకంటే గట్టు మరమ్మతుకు వాళ్లకది కావాలి. 1980ల్లో సైకిలువాళ్లు వరసగా వచ్చేసరికి చదునైన, ఖాళీ అయిన, ఎవరూ అడగని దారి సిద్ధంగా ఉంది. కాబట్టి ‘తప్ప’ అంటే దయతో ఇచ్చిన మినహాయింపు కాదు. అందరూ తమ తమ పనులు ముగించుకుని వెళ్లాక మిగిలిన శేషం.

తులనీయం: మన గోదావరి డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు సాగునీటికీ పడవలకూ కూడా పనికొచ్చాయి. అక్కడ గుర్రం లాగితే ఇక్కడ మోకు భుజాన వేసుకుని గట్టు మీద నడిచి మనిషి లాగాడు. పడవలు పోయాక ఆ గట్లలో చాలావాటి మీద తారు పడింది, బస్సు ఎక్కింది. శేషం రెండు చోట్లా ఉంది. పలక ఒకచోటే పెట్టారు.

‘నిశ్శబ్ద నది’ అనే విశేషణం మూలంలో లేదు, యాత్రికులు తెచ్చి కలిపినది. ప్రక్షిప్తమైనా పరిశీలించాలి. గ్రైన్ ఊరికి దిగువన ఉన్న ఇరుకు లోయను తలుచుకుంటే పాత పడవవాళ్లకు గుండెలు జారేవి. రాళ్లూ సుడిగుండాలూ కలిసి పడవలను మింగేవి. 18, 19 శతాబ్దాల్లో ఆ రాళ్లను మందుపెట్టి పేల్చారు. 1959లో కింద ఇబ్స్-పెర్జెన్‌బాయిగ్ విద్యుత్ కేంద్రం పూర్తయ్యాక నీటిమట్టం లేచి మిగతా కథ ముగిసింది. ఎగువన యోఖెన్‌స్టైన్ డ్యాం 1956 నాటిది. సైకిలు మీద వెళ్లేవాడు ఈ డ్యాముల నెత్తిన ఎక్కి ఆవలి ఒడ్డుకు దాటుతూ, పక్కన అద్దంలా పడి ఉన్న నీళ్లు చూసి ‘ఎంత శాంతం!’ అనుకుంటాడు. ఆ శాంతం వెనక టర్బైన్లున్నాయి.

వాఖావ్ మాత్రం వేరు. మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న ఈ సుమారు 35 కిలోమీటర్లలో అడ్డుకట్ట లేదు. కట్టాలన్న యోచన లేకపోలేదు, స్థానికులు పడనివ్వలేదు. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నదికి ఇక్కడ నడక ఉంది కనుకనే ష్పిట్స్, ఆర్న్స్‌డార్ఫ్ ఊళ్ల మధ్య బల్లకట్టు ఇంజను లేకుండా నడుస్తోంది. నదికి అడ్డంగా, ఎత్తున ఒక ఇనుప తీగ. దాని మీద కప్పీ, కప్పీ నుంచి బల్లకట్టుకు మోకు. నడిపేవాడు చుక్కాని కాస్త ఏటవాలుగా తిప్పగానే ప్రవాహం పక్కనుంచి తోస్తుంది, బల్ల పీతలా అడ్డంగా జరగడం మొదలుపెడుతుంది. కార్లుంటాయి, రెయిలింగుకు ఆనించిన సైకిళ్లుంటాయి. వినబడేది తీగ మీద కప్పీ దొర్లే కీచు, చెక్క కింద నీళ్ల చప్పుడు. నది పొంగితే ఆపేస్తారు. నీళ్లు బాగా తగ్గినా ఆపేస్తారు. అప్పుడు సైకిలువాడు వంతెన దాకా తొక్కాల్సిందే, అది దగ్గర్లో ఉండదు.

పాఠభేదాలు. ‘మొత్తం దారిలో మోటారు బండి కనబడదు’ అనే పాఠం ప్రచార పత్రాలది. వాఖావ్‌లో ఉత్తరపు ఒడ్డున పెద్ద రోడ్డు పక్కనే ఉంటుంది. ప్రసిద్ధమైన ఊళ్లూ, చెయ్యి చాస్తే అందే ద్రాక్షతోటలూ ఆ ఒడ్డునే. దక్షిణపు ఒడ్డున రద్దీ తక్కువ, ఆప్రికాట్ తోటలు మాత్రం ఎక్కువ. ఎవరికి ఏ పాఠం నచ్చితే అది గ్రాహ్యం. ఎగువన ష్లోగెన్ దగ్గర నది వెనక్కి తిరిగినంత పని చేస్తుంది. అక్కడ ఎడమ ఒడ్డున కొండ నీళ్లలోకే దిగడంతో దారి తెగిపోతుంది. పూరణగా పడవ ఉంది. అది ఆవలికి దాటించదు, సైకిళ్లను ఎక్కించుకుని అదే ఒడ్డు వెంట కొంతదూరం తీసుకెళ్లి దించుతుంది. గ్రంథంలో పోయిన పంక్తిని పండితుడు పూరించినట్టే.

దిశ. పస్సావ్ నుంచి వియన్నాకే ఎందుకు, అటునుంచి ఇటెందుకు కాదు? నది అంతదూరంలో దిగేది 150 మీటర్లు కూడా కాదు, వాలు కాళ్లకు తెలిసేంత లేదు. అసలు కారణం గాలి. ఇక్కడ పడమటి గాలి ఎక్కువ. ఎదురుగాలికి తొక్కినవాడికి శాస్త్రం చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి: డాన్యూబ్ కిలోమీటర్లను సముద్ర ముఖం నుంచి పైకి లెక్కేస్తారు. పస్సావ్ దగ్గర 2,226, వియన్నా దగ్గర 1,929. రోజంతా తొక్కినకొద్దీ గట్టు మీద అంకె తగ్గుతూ పోతుంది. అప్పు తీరుతున్న సుఖం.

చారిత్రక విశేషాలు దారిపొడుగునా ఉన్నాయి, అన్నీ ఎత్తుకుంటే గ్రంథ విస్తరం. డ్యూర్న్‌స్టైన్ కొండమీది కోటలో ఇంగ్లండు రాజు రిచర్డ్‌ను 1192-93 చలికాలంలో బంధించారు. విల్లెన్‌డార్ఫ్‌లో 1908లో, రైలు మార్గం పనుల పుణ్యాన సాగిన తవ్వకాల్లో, 11 సెంటీమీటర్ల సున్నపురాతి స్త్రీమూర్తి బయటపడింది; వయసు దాదాపు 30,000 ఏళ్లు.

మౌట్‌హౌజెన్ దగ్గర టీకాకారుడు వెటకారం పక్కన పెట్టాలి. దారి ఆ ఊరి కిందుగా హాయిగా సాగిపోతుంది. పైన కొండమీద 1938 నుంచి 1945 దాకా నాజీల నిర్బంధ శిబిరం నడిచింది, పక్కనే రాతిక్వారీ. కనీసం 90,000 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కుడు కష్టమని చాలామంది పైకి వెళ్లరు. వెళ్లాలి.

చివరి సందేహం ధర్మశాస్త్రానిది. వాఖావ్‌లో పండించినవాళ్లే పోసే ద్రాక్షసారాయం అంగళ్లు దారి పక్కనే ఉంటాయి, సైకిళ్లు బయట గోడకు చేరగిలబడి ఉంటాయి. తాగి తొక్కవచ్చునా? ఆస్ట్రియా చట్టం కారు నడిపేవాడి రక్తంలో మద్యం వెయ్యికి 0.5 వంతు చేరితే పట్టుకుంటుంది, సైకిలువాడిని 0.8 దాకా ఓపిక పడుతుంది. స్తంభం మీది ‘తప్ప’ అంగడి లోపలికి కూడా వర్తిస్తుందన్నమాట, 0.3 మేరకు.