గేమ్ మాస్టర్ గారికి నైట్ సిటీ నెట్‌రన్నర్ విన్నపం

మహారాజశ్రీ గేమ్ మాస్టర్ గారి సముఖమునకు,

2045వ సంవత్సరంలో, కాలిఫోర్నియా తీరాన నైట్ సిటీలో కాపురముంటూ, శనివారం రాత్రుళ్లు మాత్రమే ఊపిరి పీల్చే ఒక నెట్‌రన్నర్, అంటే 'సైబర్‌పంక్ రెడ్' అనే బల్ల ఆటలో హ్యాకర్ పాత్రధారి, రాసుకొను విన్నపము. తక్కిన రోజుల్లో మిమ్మల్ని "ఒరే" అని పిలిచే చనువు నాకుంది. పాచికల డబ్బా తెరిచాక మాత్రం తమరే ప్రభుత్వం, తమరే పోలీసు, తమరే వాన. అందుకే ఈ అర్జీ భాష.

ఈ మధ్య మన వాట్సాప్ గ్రూపులో తమరు రెండు సొంత రూల్స్ జారీ చేశారు. ముసాయిదా లేదు, అభ్యంతరాలకు గడువు లేదు, తక్షణం అమలు. మొదటిది: హ్యాకింగ్ ఏదైనా సరే దోపిడీకి బయల్దేరక ముందే, నెట్‌రన్నర్ తన గదిలో కూర్చుని ముగించుకోవాలి. రెండోది: కార్పొరేట్ భవనాల గుమ్మంలో స్కానర్ ఉంటుంది, దాన్ని దాటి ఏ ఆయుధమూ లోపలికి పోదు, పాచిక వేయాల్సిన పనే లేదు. ఎందుకని అడిగితే రెండింటికీ ఒకటే జవాబు: "రియలిజం."

ముందు ఆ రియలిజం సంగతే చూద్దాం. నిజంగా ఒక కంపెనీ సిస్టంలోకి చొరబడాలంటే, అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరో ఒక అమాయకుడు దొంగ ఈమెయిల్‌ను నొక్కేదాకా వారాల తరబడి కాచుకుని కూర్చోవాలి. అది ఆడుకునే ఆట కాదు, జీతానికి చేసే ఉద్యోగం. ఆటల పుస్తకాన్ని నిజమనుకుని కంగారుపడ్డ ప్రభుత్వం కూడా ఒకటుంది. 1990 మార్చి 1న అమెరికా సీక్రెట్ సర్వీస్ వాళ్లు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ ఆఫీసు మీద పడి, కంప్యూటర్లతో పాటు 'గర్ప్స్ సైబర్‌పంక్' అనే రూల్స్ పుస్తకం రాతప్రతిని కూడా పట్టుకుపోయారు. వాళ్ల అసలు వేట ఒక టెలిఫోన్ కంపెనీ పత్రం కోసం. ఆ పుస్తకం రాసిన లాయిడ్ బ్లాంకెన్‌షిప్ ఇంట్లో నడుపుతున్న కంప్యూటర్ బులెటిన్ బోర్డు మీద వాళ్లకు అనుమానం. కానీ చేతికి దొరికిన ఆట పుస్తకాన్ని చూసి, ఇది కంప్యూటర్ నేరాలకు కరదీపిక అని ఏజెంట్లు తేల్చారట. వ్యవహారం కోర్టుకెక్కింది. 1993లో తీర్పు కంపెనీ వైపే వచ్చింది. సర్కారు 50,000 డాలర్ల పరిహారమూ, ఆపైన లాయర్ల ఖర్చులూ చెల్లించుకుంది. పుస్తకం మాత్రం 1990లోనే అచ్చయి బజారుకొచ్చింది. అది చదివి ఎవరైనా బ్యాంకు దోచినట్టు నేనైతే వినలేదు.

తమరు ఆ ఏజెంట్ల కంటే నయమే, మా ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోలేదు. కానీ ఆట రూలును నిజం కొలబద్దతో కొలవడంలో వాళ్లకీ తమకీ తేడా కనపడటం లేదు.

ఇక హ్యాకింగ్ ఉత్తర్వు. ఇంట్లో కూర్చుని ముందే ముగించమనడం తమరు కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు, ఈ ఆటలు పుట్టినప్పటి పాత జబ్బు. మైక్ పాండ్‌స్మిత్ 'సైబర్‌పంక్' 1988లో వచ్చింది, 'షాడోరన్' 1989లో, 'సైబర్‌పంక్ 2020' 1990లో. అప్పట్లో హ్యాకర్ వైర్ తగిలించుకుని తనొక్కడే ఇంకో లోకంలోకి వెళ్లిపోయేవాడు. అక్కడ వాడికి వేరే పటం, వేరే శత్రువులు, వేరే యుద్ధం. బల్ల చుట్టూ ఉన్న తక్కినవాళ్లు ఆ సందులో పిజ్జాకు వెళ్లొచ్చేవాళ్లన్న ఎగతాళి ఈ ఆటలాడేవాళ్లలో ఎప్పటినుంచో ఉంది. 'షాడోరన్' వాళ్లు 2005లో నాలుగో కూర్పు తెచ్చి, వైర్లు తీసేసి, హ్యాకర్‌ను జట్టుతో పాటు వీధిలో నడిపించారు. పాండ్‌స్మిత్ బృందం 2020లో 'సైబర్‌పంక్ రెడ్' తెస్తూ ఇంకా గట్టి కట్టు వేసింది: నెట్‌రన్నర్ యాక్సెస్ పాయింట్‌కు 6 మీటర్ల లోపల ఉండి తీరాలి. కథలోనూ దానికి కారణం చూపించారు. రేచ్ బార్ట్‌మాస్ అనే నెట్‌రన్నర్ వదిలిన వైరస్‌లతో 2022లో పాత నెట్ కుప్పకూలింది. అప్పట్నుంచి ఏ భవనం నెట్‌వర్క్ ఆ భవనానిదే. అంటే ఇంటి నుంచి హ్యాకింగ్ అన్నది తమరు నడిపే లోకంలో భౌతికంగానే కుదరని పని. దాన్ని రియలిజం పేరుతో ఎలా సమర్థిస్తారో తమకే తెలియాలి.

ఆ 6 మీటర్ల రూలు బల్ల దగ్గర ఎంత పని చేస్తుందో చెప్తాను. ఒక రౌండ్ అంటే మూడు సెకన్లు. నా హ్యాకింగ్ స్థాయి, అంటే ఇంటర్‌ఫేస్ ర్యాంక్, 4 కాబట్టి, చేత్తో చేసే పని మానుకుంటే అదే రౌండ్‌లో నాకు మూడు నెట్ యాక్షన్లు వస్తాయి. అంతస్తుల్లో దిగే లిఫ్టులా కట్టిన ఆర్కిటెక్చర్‌లో నేను ఒక పాస్‌వర్డ్ తెరిచేలోపు పక్కన జట్టులోని యోధుడు, మన సోలో, తుపాకీ పేలుస్తూ ఉంటాడు, వైద్యం చేసే మెడ్‌టెక్ ఎవరి రక్తమో ఆపుతూ ఉంటుంది. హెల్‌హౌండ్ అనే బ్లాక్ ఐస్, అంటే నెట్‌వర్క్ కాపలా ప్రోగ్రామ్, కరిచిందంటే దెబ్బ నేరుగా మెదడుకే. పైగా నా హ్యాకింగ్ డెక్, ఒంటిమీద బట్టలు అంటుకుంటాయి. అప్పుడు నెట్ యాక్షన్లు మానుకుని ఆ మంట ఆర్పుకోవాలి, ఆ సందులో నన్ను కాచుకోవడానికి పక్కన ఒక మనిషి కావాలి. తమరి రూలు ప్రకారం నేను నా గదిలో ఒంటరిగా తగలబడుతుంటే, మన సోలో ఇక్కడ క్రికెట్ స్కోరు చూసుకుంటాడు. పోయిన దోపిడీలో జరిగింది సరిగ్గా అదే.

ఒక్క విషయంలో తమరి బాధ నాకు అర్థమవుతుంది. ప్రతి కిరాణా కొట్టు తలుపుకీ పది అంతస్తుల ఆర్కిటెక్చర్ గీయాలంటే ఎవరికైనా విసుగే. గీయకండి. చిన్న తాళానికీ, వీధి కెమెరాకీ ఒక్క పాచికతో తేల్చేద్దాం. మొత్తం అంతస్తులు ఆ రాత్రి కథకు గుండెకాయ లాంటి భవనానికే. ఇంకో సవరణ కూడా కోరుతున్నాను. నేను భవనంలోని యంత్రాన్ని నడిపే కంట్రోల్ నోడ్ పట్టుకున్నాక, దాని చేతిలోని తుపాకీ టరెట్‌కు పాచిక వేసే హక్కు ఆ క్షణాన పనిలేక కూర్చున్న ఆటగాడికి ఇవ్వండి. పట్టుకున్నది నేనే కావచ్చు, కాల్చే సరదా వాళ్లకు దక్కనీయండి.

ఇప్పుడు ఆయుధాల ఉత్తర్వు. దాచడం అన్నది ఈ ఆటలో మొదటినుంచీ ఒక విద్య. 'సైబర్‌పంక్ 2020'లో ప్రతి ఆయుధానికీ ఒక అక్షరం ఉండేది: జేబులోనో చొక్కా చేతిలోనో ఇమిడేదానికి పీ, జాకెట్ కింద దాగేదానికి జే, పొడుగు కోటు కావాల్సినదానికి ఎల్, ఎక్కడా దాగనిదానికి ఎన్. నాకిప్పటికీ ఆ నాలుగక్షరాలంటే ఇష్టం. మనిషి తొడుక్కున్న బట్టను బట్టి వాడి దగ్గర ఏముందో బల్లంతా ఊహించేది. 'రెడ్' దాన్ని దాగుతుంది, దాగదు అనే రెండు మాటలకు కుదించింది. హెవీ పిస్టల్ దాగుతుంది, వెరీ హెవీ పిస్టల్ దాగదు. దాచేవాడి నేర్పుకూ వెతికేవాడి చూపుకూ పోటీ, అంతే.

తమరి స్కానర్ ఆ పోటీనే రద్దు చేసింది. మన సోలో యంత్రపు చేతిలో ముడుచుకుని ఉండే పాపప్ తుపాకీ కోసం డబ్బూ పోశాడు, మానవత్వం పాయింట్లూ పోగొట్టుకున్నాడు. దాన్ని గుమ్మంలోనే పాచికైనా వేయకుండా పట్టేస్తే, వాడు చేయి కోయించుకున్నది ఎందుకు? రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. నిజమే. కొదవ లేదని అందరికీ తెలిసినప్పుడు దెబ్బ కొట్టడంలో గొప్పేముంది?

అయితే మా సోలోను వెనకేసుకు రావడానికి నేను సిద్ధంగా లేను. సోదా అంతా అయిపోయి, చేతులెత్తి నిలబడ్డాక, "నా బూటులో కత్తి ఉందిగా!" అని వాడు అరవడం, తమరు పళ్లు కొరకడం మేమంతా చూశాం. తమరి ఉత్తర్వు వెనకున్న అసలు కోపం ఇదేనని నా అనుమానం. దానికి విరుగుడు చీటీ. బయల్దేరే ముందే ఎవరి ఆయుధం ఏమిటో, ఒంటి మీద ఎక్కడుందో రాసి, మడిచి, తమరి నోటుపుస్తకం కింద పెడతాం. చీటీలో లేనిది లేనట్టే. పాచిక మాత్రం దాచేటప్పుడు వేయించకండి. అప్పుడే వేస్తే, తక్కువ పడ్డవాడు ఇంటికెళ్లి కోటు మార్చుకొస్తాడు. ఎవరో ఒంటి మీద చేయి వేసి తడిమినప్పుడే వేద్దాం. చూసీచూడని చూపుకు దాగే ఆయుధం దాగినట్టే. దొరికినప్పుడల్లా కాల్పులే జరగాలనీ లేదు: కాపలావాడు కౌంటర్లో పెట్టి టోకెన్ తీసుకోమనొచ్చు, లంచం అడగొచ్చు.

మరి స్కానర్? ఉండనీయండి, నేనే అడుగుతున్నాను. స్కానర్ అంటే ఆ భవనం నెట్‌వర్క్‌కు తగిలించిన యంత్రమే, అంటే ఒక కంట్రోల్ నోడ్. యాక్సెస్ పాయింట్‌ను గుమ్మం పక్కన పెట్టండి. మన సోలో వరసలో నిలబడి ఉంటాడు, చేతిలో ముడిచిన తుపాకీతో. వాడి ముందు ఇద్దరే ఉన్నారు. బేరాలు కుదిర్చే మన ఫిక్సర్ కాపలావాడితో కబుర్లేసుకుంటుంది. 6 మీటర్ల లోపల, గోడకానుకుని నేను. రౌండుకు మూడు నెట్ యాక్షన్లు, అడుగున ఏ అంతస్తులో హెల్‌హౌండ్ ఉందో తెలియదు. స్కానర్ కళ్లు మూయించే లోపు వాడి వంతు వస్తుందా, రాదా? తమరి మొదటి ఉత్తర్వు నన్ను ఆ గోడ దగ్గర్నుంచి తీసేసింది, రెండోది వాడిని ఆ వరసలోంచి తీసేసింది. ఈ ఆట మొత్తంలో ఇంతకంటే మంచి ఘట్టం ఉంటే చెప్పండి, అర్జీ వెనక్కి తీసుకుంటాను.

కాబట్టి తమరు దయతలచి రెండు ఉత్తర్వులనూ వచ్చే శనివారంలోగా ఉపసంహరించాలనీ, 6 మీటర్ల రూలునూ, చీటీ పద్ధతినీ ఒక్క దోపిడీకి అమలు చేసి చూడాలనీ కోరుతున్నాను. నచ్చకపోతే పాత ఉత్తర్వులు మళ్లీ జారీ చేసుకోవచ్చు, ఎలాగూ తమరికి అసెంబ్లీ లేదు. చీటీలకు కాగితాలు నేనే తెస్తాను.

ఇట్లు,
తమ విధేయ నెట్‌రన్నర్