తని మొదలవగానే లేచిపోతున్నారు

ఇప్పటి కచేరీల్లో మృదంగానికి మైకు పెట్టే తీరు చూస్తే ఒళ్లు మండుతుంది. కుడికొకటి, ఎడమకొకటి. ఆపైన సౌండు చూసే కుర్రాడు బేస్ పెంచేస్తాడు. గుంకీ అంటే ఏమిటి? రవ్వముద్ద అద్దిన ఎడమవైపు తొప్పి మీద అరచెయ్యి ఒత్తి జారిస్తే లోపలినుంచి ఊరే నాదం. అది కాస్తా స్పీకర్లలో పడి ఒట్టి మోత అయిపోతోంది. మృదంగ విద్వాంసుడు పాలఘాట్ మణి అయ్యర్ మైకే వద్దన్న మనిషి. ఎందుకన్నాడో పాత టేపులు వింటే తెలుస్తుంది.

అరియక్కుడి రామానుజ అయ్యంగార్ పాటకు ఆయన వాయించిన కచేరీ ఏదైనా పెట్టుకోండి. టేపు రొద ఉంటుంది, ఉండనివ్వండి. పల్లవి ఎత్తుకోగానే మీద పడిపోడు. సాహిత్యం ఆగినచోట చెయ్యి ఆగుతుంది. సంగతి పెరిగేకొద్దీ మృదంగం పలికే సొల్లు చిక్కబడుతుంది. చరణంలోకి దిగేముందు చిన్న ముక్తాయింపు, అంతే. మిగతాదంతా సర్వలఘువే, లెక్కల జోలికి పోని సాఫీ నడక. ఆ నడక మీదే పాట నిలబడుతుంది. ఇప్పటి పిల్లల చేతుల్లో వేగానికి కొదవ లేదు, లెక్కలూ బాగా వచ్చు. పాడేవాడి నోటి మాట వినే ఓపికే కనబడదు.

పళని సుబ్రహ్మణ్య పిళ్లైది వేరే దారి. ఎడమచేతి వాటం కావడంతో వేదిక మీద కూర్చునే చోట్లు మార్చుకోవాలి. అందుకు పక్కవాళ్లు ఒప్పుకోని రోజులవి. గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ ఆయన్ను పట్టుబట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. తని ఆవర్తనంలో, అంటే పాట ఆగి మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టంలో, పళని లెక్క ఎంత చిక్కుగా ఉన్నా తొప్పి నాదం తరగదు. నా మట్టుకు నాకు, నాదం మాట వస్తే ఆయనే ముందు.

ఆ నాదంలో సగం తోలుది. మణి అయ్యర్‌కు మృదంగాలు కట్టిచ్చింది తంజావూరు పర్లాందు. రికార్డు అట్టల మీద వాయించినవాళ్ల పేర్లు వేశారు గానీ కట్టినవాళ్ల పేర్లు వేసే అలవాటే లేకపోయింది. అది అన్యాయం.

78 ఆర్పీఎం ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు. అందులో తనికి చోటెక్కడ? అందుకే మా తరం దాచుకున్నవన్నీ కచేరీ టేపులు, రేడియో టేపులు. 1952లో మొదలైన ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం కోసం శనివారం రాత్రి పనులు ముగించుకుని కూర్చునేవాళ్లం. విజయవాడ రేడియోలో దండమూడి రామమోహనరావు గారు మృదంగం వాయిస్తున్నారంటే వీధిలో మాటలు తగ్గేవి. ఇప్పుడో, తని మొదలవగానే సగం సభ కాఫీకి లేస్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు మరీ ఘోరం, కీర్తన అవగానే కోసేస్తున్నారు.

మీ ఇంట్లో అటక మీద పాత స్పూలో, క్యాసెట్టో ఉంటే బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. తనిని మాత్రం కత్తిరించకండి. తనిని ముగించే కోర్వై మూడోసారి పడి, పాట మళ్లీ ఎత్తుకునేదాకా ఉంచండి.